మీటరు చెప్పకుండా పార్టు మార్చకండి: బండిలో కరెంటు తేడా పట్టుకునే పద్ధతి

వానలు మొదలయ్యాయంటే మా టూవీలర్ షెడ్డుకి ఒకటే పాట వస్తుంది. "బ్యాటరీ కొత్తదేనండి, ఆయ్, నెల కూడా కాలేదండి. అయినా సెల్ఫ్ పట్టట్లేదండి." అప్పటికే ఇంకెక్కడో చూపించి ఉంటారు. బ్యాటరీ మార్చారు, తగ్గలేదు. బ్యాటరీకి వెళ్లే చార్జింగ్‌ని అదుపులో పెట్టే ఆర్ఆర్ యూనిట్ (రెగ్యులేటర్ రెక్టిఫైయర్) మార్చారు, తగ్గలేదు. ఇంజను లోపల కరెంటు పుట్టించే మ్యాగ్నెట్ కాయిల్ కూడా మార్చాలనేసరికి మనిషికి అనుమానం వచ్చి బండి తోసుకుంటూ ఇక్కడికి వస్తాడు.

నేనెవర్నీ తప్పుపట్టను. కొట్టు పెట్టిన కొత్తలో నేనూ అదే చేశాను. అల్లవరం వైపు నుంచి ఒక రొయ్యల రైతు బండి తెస్తే చూసీ చూడకుండానే బ్యాటరీ మార్చేశాను. పదిహేను రోజులు బాగానే తిరిగి మళ్లీ వచ్చింది. ఈసారి బ్యాటరీ కంపెనీని తిట్టి ఇంకోటి వేశాను. మళ్లీ వచ్చింది. మూడోసారి మొహం చెల్లక మల్టీమీటరు తీశాను. తేలిందేంటంటే, ఎర్త్ వైరు బిగించిన బోల్టు కింద పచ్చటి చిలుము. ఎమరీ పేపరు ముక్కతో ఐదు నిమిషాల పని. కొత్త బ్యాటరీకి ఊపు ఎక్కువ కాబట్టి ఆ చిలుము మీదుగానే పదిహేను రోజులు లాక్కొచ్చింది, అంతే. ఆ రెండో బ్యాటరీ డబ్బులు నేను తిరిగిచ్చేశాను. ఈ పద్ధతి అప్పటి నుంచి అలవాటైంది.

ముందు కాలువ లెక్క

డెల్టాలో పుట్టినవాళ్లకి కరెంటు సంగతి చెప్పడం తేలిక. ధవళేశ్వరంలో నీళ్లున్నాయి, శివారు చేనికి రావట్లేదు. రైతు ఏం చేస్తాడు? బ్యారేజీ మార్చమని అడగడు కదా. గట్టు పట్టుకుని నడుస్తూ ఏ లాకు దాకా నీళ్లున్నాయో, ఎక్కడ ఆగాయో చూసుకుంటాడు. బండిలో బ్యారేజీ అంటే బ్యాటరీ. ఫ్యూజు, కీ స్విచ్, రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని వదిలే స్విచ్) ఇవన్నీ దారిలో లాకులు. బల్బు, హారన్, సెల్ఫ్ మోటారు శివారు చేలు.

ఇంకో సంగతి. చేనికి కాలువ ఉంటే సరిపోదు, డ్రెయిను కూడా ఉండాలి. కరెంటుకి ఆ డ్రెయినే ఎర్త్, అంటే పని చేసిన కరెంటు బండి లోహం మీదుగా బ్యాటరీ మైనస్‌కి తిరిగెళ్లే దారి. ప్లస్ వైరు వెంట పది చోట్ల వెతికేవాళ్లు ఎర్త్ వైపు ఒక్కసారి కూడా చూడరు. మన ఉప్పుగాలికి ముందు పోయేది ఆ వైపే.

అన్నిటికన్నా ముఖ్యమైనది గుర్రపుడెక్క. లాకు తలుపులు దించేసి నీళ్లు నిలబడి ఉన్నప్పుడు కాలువలో డెక్క ఎంత పేరుకున్నా ఎగువా దిగువా మట్టం ఒకటే కనిపిస్తుంది. తలుపులెత్తి పారిస్తేనే డెక్కకి ఎగువన నీళ్లు ఎక్కి, దిగువన పడిపోతాయి. వైరు కూడా అంతే. స్విచ్ ఆఫ్‌లో ఉండగా స్విచ్ దాకా వచ్చిన వైరు చివర మీటరు పెడితే 12.6 చూపిస్తుంది. లోపల ఇరవై పోగుల్లో పంతొమ్మిది తెగిపోయినా అంతే చూపిస్తుంది. వైరు తెగిందో లేదో చూసే బీప్ గుర్తులో పెడితే మీటరు బీప్ కూడా కొడుతుంది, ఎందుకంటే బీప్‌కి ఒక్క పోగు చాలు. సెల్ఫ్ మోటారుకి మాత్రం పదుల ఆంపియర్లు కావాలి. లెక్క వేయండి: దారిలో 0.02 ఓము అడ్డం ఉంటే 50 ఆంపియర్లకి ఒక వోల్టు అక్కడే పోతుంది. 0.02 ఓమును మామూలు మీటరు కొలవలేదు, దాని తీగలకే అంతకు పది రెట్లు ఉంటుంది. కాబట్టి ఓముల్లో వెతక్కండి. కరెంటు పారుతుండగా వోల్టుల్లో వెతకండి.

కావలసిన సరంజామా

ఐదు వందల లోపు దొరికే డిజిటల్ మల్టీమీటరు చాలు. దాంతో పాటు 12 వోల్టుల 21 వాట్ల బ్రేక్ బల్బు ఒకటి, దానికి రెండు వైర్లు, వాటి చివర క్రొకోడైల్ క్లిప్పులు. ఇది మన టెస్ట్ ల్యాంపు. కప్లర్ (రెండు వైర్లని కలిపే ప్లాస్టిక్ సాకెట్) ఊడదీయకుండా వెనక నుంచి దూర్చి చూడ్డానికి సన్నటి గుండుసూదులు, ఎమరీ పేపరు, కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే, వ్యాజిలైన్. బండి వైరింగ్ బొమ్మ దొరికితే ఫోన్‌లో పెట్టుకోండి. రంగులు గుడ్డిగా నమ్మకండి. ఒక కంపెనీ బండిలో పచ్చ వైరు ఎర్త్ అయితే ఇంకో కంపెనీలో నలుపు మీద పసుపు గీత ఉన్నది ఎర్త్.

టెస్ట్ ల్యాంపు మంచి పనిముట్టే గానీ ఫ్యూయల్ ఇంజెక్షన్ బళ్లలో ఈసీయూకి (ఇంజనుని నడిపించే కంప్యూటరు), సెన్సర్లకి వెళ్లే సన్న వైర్ల మీద పెట్టకండి. అక్కడ మీటరే.

మొదటి మెట్టు: అడగడం, చూడడం

స్పానరు పట్టుకునే ముందు బండి యజమానిని అడగండి, సొంత బండైతే మిమ్మల్ని మీరే. తేడా ఎప్పుడు వస్తోంది? వానలోనా, వేడెక్కాకా, గతుకుల్లోనా, హ్యాండిల్ ఒకవైపు తిప్పినప్పుడా? పోయింది ఒకటేనా, అన్నీనా? ఒక్క హారన్ పోతే బ్యాటరీ జోలికి వెళ్లే పనే లేదు. హారన్ గొంతు తగ్గి, ఇండికేటర్లు మందగించి, స్పీడోమీటరు లైటు కూడా మసకబారితే ఆ మూడింటికీ ఉమ్మడిగా ఉన్న దారిలో వెతకాలి: బ్యాటరీ, మెయిన్ ఫ్యూజు, కీ స్విచ్, ఎర్త్. ఒకవైపు ఇండికేటరు గబగబా కొట్టుకుంటుంటే ఆ వైపు బల్బు పోయి ఉంటుంది, ఇండికేటర్లని కొట్టించే ఫ్లాషర్ కొనకండి.

చివరిసారి బండికి ఏం చేశారో తప్పకుండా అడగాలి. కొత్త హారన్, ఎల్‌ఈడీ లైట్లు, ఫోన్ చార్జర్, ట్రాకర్ ఏది తగిలించినా ముందు దాన్ని విప్పి చూడండి. వైరు మీద తొక్క గీకి, ఇంకో వైరు చుట్టి, టేపు వేసిన అతుకు రెండు వర్షాకాలాలు తట్టుకోవడం నేను చూడలేదు.

తర్వాత కళ్లతో. హ్యాండిల్ మెడ దగ్గర వైర్ల కట్ట రోజూ మెలితిరుగుతుంది, పైన తొక్క బాగానే ఉండి లోపల రాగి తెగుతుంది. ఆ కట్టని వేళ్లతో వంచుతూ రండి, తెగిన చోట వైరు మెత్తగా, ప్రాణం లేనట్టు వంగుతుంది. స్ప్రాకెట్ పక్కన మ్యాగ్నెట్ వైర్లు బయటికొచ్చే చోట గట్టు దారుల బురద పట్టి ఉంటుంది. రొయ్యల ట్రేలు, చేపల బుట్టలు కట్టే బళ్లయితే టెయిల్ ల్యాంపు కప్లర్లు ముందు విప్పండి. ఐసు కరిగిన ఉప్పునీళ్లు సీటు వెనక నుంచి సరిగ్గా అక్కడికే కారతాయి. సార్వా కోతలయ్యాక గడ్డిమేటు పక్కన పెట్టిన బండికి ఎలుకల సంగతి వేరే చెప్పక్కర్లేదు. ట్యాంకు ఎత్తితే కింద గూడే ఉంటుంది.

కప్లర్ ఊడదీసినప్పుడు మూడు చూడండి: పిన్నుల మీద చిలుము, ప్లాస్టిక్ కరిగి గోధుమ రంగుకి తిరగడం, వెనక్కి జారిపోయిన పిన్ను. మూడోది చాలామంది కంటికి ఆనదు.

రెండో మెట్టు: బ్యాటరీకి నాలుగు కొలతలు

మీటరు 20 వోల్టుల డీసీలో పెట్టి, మీటరు సూదులు బోల్టు మీద కాకుండా బ్యాటరీ కొమ్ము (టెర్మినల్) మీదే ఆనించండి.

మొదటి కొలత బండి కొన్ని గంటలు ఆగి ఉన్నాక, కీ ఆఫ్‌లో. 12.6 నుంచి 12.8 ఉంటే నిండుగా ఉంది. 12.4 అయితే ముప్పాతిక, 12.2 అంటే సగం. 12 లోపు ఉంటే ముందు చార్జింగ్ పెట్టండి, ఆ తర్వాతే మిగతా పరీక్షలు. ఖాళీ బ్యాటరీతో ఏ పరీక్ష చేసినా తప్పుడు జవాబే వస్తుంది.

రెండోది కీ ఆన్ చేసి, బ్రేక్ నొక్కి, ఇండికేటరు వేసి. కొంచెం దిగి నిలబడాలి. చూస్తుండగానే జారిపోతుంటే బ్యాటరీలో సరుకు లేదు. ఇక్కడొక మాట. పాత చిన్న బళ్లలో చాలావాటికి హెడ్‌లైట్ కరెంటు బ్యాటరీ నుంచి కాదు, మ్యాగ్నెట్ కాయిల్ నుంచి నేరుగా వస్తుంది. బ్యాటరీ చచ్చిపోయినా లైటు వెలుగుతుంది. "లైటు వెలుగుతోంది కదండీ" అంటే ఆ బళ్లలో అది బ్యాటరీకి సాక్ష్యం కాదు. హారన్ కొట్టి చూడండి.

మూడోది సెల్ఫ్ నొక్కుతుండగా. 9.5, 10 వోల్టుల కిందికి పడిపోతే బ్యాటరీ మీద అనుమానం నిజమే. నాలుగో కొలత ఇంజను నడుస్తుండగా, దాని గురించి చార్జింగ్ దగ్గర చెబుతాను.

మూడో కొలతలో తలకిందులు కేసు ఒకటుంది. సెల్ఫ్ మెల్లగా మూలుగుతోంది, బ్యాటరీ మాత్రం 11.4 దగ్గర దర్జాగా నిలబడింది. అంటే బ్యాటరీ గట్టిగానే ఉంది, దాని మీద బరువే పడట్లేదు. దారిలో డెక్క ఉంది.

మూడో మెట్టు: డెక్క ఎక్కడుందో పట్టడం

ఆ రొయ్యల రైతు బండి అంకెలే చెబుతాను, అప్పట్లో గోడ మీద రాసుకున్నాను. ఆగి ఉంటే 12.6. సెల్ఫ్ నొక్కితే బ్యాటరీ 11.4. మోటారు మూలుగుతోంది.

ముందు ప్లస్ వైపు. ఎర్ర సూది బ్యాటరీ ప్లస్ కొమ్ము మీద, నల్ల సూది సెల్ఫ్ మోటారు టెర్మినల్ మీద పెట్టాను. ప్లస్ నుంచి ప్లస్‌కే కొలుస్తున్నాం, గమనించండి. దారి శుభ్రంగా ఉంటే రెండు చివరలా మట్టం ఒకటే, మీటరు దాదాపు సున్నా చూపాలి. సెల్ఫ్ నొక్కాను: 0.3. కేబుల్, రిలే అన్నీ కలిపి అర వోల్టు లోపు పోతే పర్వాలేదు. ఆ వైపు బాగుంది.

ఇప్పుడు డ్రెయిను వైపు. నల్ల సూది మైనస్ కొమ్ము మీద, ఎర్ర సూది ఇంజను మీద పెయింటు లేని లోహం మీద. సెల్ఫ్ నొక్కాను: 2.2. ఇక్కడ 0.2 దాటకూడదు. మోటారుకి చేరుతున్నది 11.4లోంచి 0.3, 2.2 తీసేస్తే 8.9 మాత్రమే. మూలగక ఏం చేస్తుంది?

తర్వాత ఎర్ర సూదిని మెట్టు మెట్టుగా వెనక్కి జరుపుతూ వచ్చాను, ప్రతిసారీ సెల్ఫ్ నొక్కుతూ. మైనస్ కొమ్ము నుంచి వైరు లగ్గుకి (వైరు చివర బోల్టుకి తొడిగే లోహపు ముక్క) 0.0. కొమ్ము నుంచి వైరు అవతలి చివర, బోల్టు తల మీదకి 0.1. బోల్టు తల నుంచి ఇంజను లోహానికి 2.1. తేడా మొత్తం ఆ ఒక్క బోల్టు కిందే ఉంది. పైకి బోల్టు మెరుస్తోంది. విప్పితే లగ్గు అడుగున తెలుపూ ఆకుపచ్చా కలిసిన పొడి, తడిసిన సున్నంలా. బ్యాటరీ మైనస్ తీసేసి, లగ్గు రెండు వైపులా, అది ఆనే చోటా ఎమరీతో లోహం మెరిసేదాకా రుద్ది, బిగించి, పైన వ్యాజిలైన్ పూశాను. వ్యాజిలైన్ బిగించాక పూయాలి, గాలీ తేమా లోపలికి పోకుండా.

మళ్లీ కొలిస్తే ఎర్త్ వైపు 0.1. సెల్ఫ్ నొక్కినప్పుడు బ్యాటరీ ఈసారి 10.6కి దిగింది. బాగు చేశాక వోల్టేజీ ఇంకా తగ్గిందేమిటని కంగారుపడకండి. మోటారు ఇప్పుడు తనకి కావలసిన కరెంటు లాక్కుంటోంది, అందుకే.

హారన్‌కి, హెడ్‌లైట్‌కి, దేనికైనా ఇదే పరీక్ష. అది పని చేస్తుండగా ప్లస్ వైపు ఒకసారి, ఎర్త్ వైపు ఒకసారి. ఒక్కో కప్లర్ దగ్గర 0.1 మించి పోతుంటే దాన్ని విప్పి చూడాలి. కీ స్విచ్, బటన్లు అరిగితే కూడా ఇందులోనే బయటపడతాయి. సెల్ఫ్ మాత్రం ఒక్కసారికి నాలుగైదు సెకన్లు మించి నొక్కకండి, మధ్యలో కాసేపు ఆగండి.

సెల్ఫ్ నొక్కితే రిలే టిక్కు కూడా అనకపోతే దారి వేరు. న్యూట్రల్ స్విచ్, క్లచ్ స్విచ్, సైడ్ స్టాండ్ స్విచ్ చూసుకుని, రిలేకి వచ్చే రెండు సన్న వైర్ల మధ్య బటన్ నొక్కుతుండగా 12 వోల్టులు వస్తున్నాయేమో కొలవండి. వస్తే రిలే తప్పు, రాకపోతే రిలే పాపం ఏమీ ఎరగదు.

నాలుగో మెట్టు: చార్జింగ్

ఇంజను స్టార్ట్ చేసి 4000, 5000 ఆర్‌పీఎం దగ్గర పట్టి బ్యాటరీ మీద కొలిస్తే 13.5 నుంచి 14.5 మధ్య ఉండాలి. 15 దాటి ఎక్కుతుంటే బ్యాటరీ ఉడుకుతోంది, అనుమానం ఆర్ఆర్ యూనిట్ మీదా, దాని ఎర్త్ మీదా. బండి ఆగి ఉన్నప్పటి అంకె దగ్గరే ఉండిపోతే చార్జింగ్ రావట్లేదు.

రావట్లేదనగానే కాయిల్ తీయించకండి, దానికి ఇంజను కవరు విప్పాలి. ముందు అదే ఆర్‌పీఎంలో ఆర్ఆర్ యూనిట్ ప్లస్ వైరు నుంచి బ్యాటరీ ప్లస్‌కి, ఆర్ఆర్ ఎర్త్ నుంచి బ్యాటరీ మైనస్‌కి పాత పద్ధతిలోనే కొలవండి. అర వోల్టు, వోల్టు పోతుంటే తప్పు వైరుదే. తర్వాత కాయిల్ నుంచి ఆర్ఆర్‌కి వచ్చే కప్లర్, చాలా బళ్లలో మూడు పసుపు వైర్లుంటాయి. నా అనుభవంలో ఎక్కువ కరిగిపోయేది ఇదే కప్లర్.

అదీ బాగుంటే ఇంజను ఆపి కప్లర్ ఊడదీసి, మీటరు ఏసీ 200లో పెట్టి, మళ్లీ స్టార్ట్ చేసి మూడు వైర్లలో రెండేసి చొప్పున మూడు జతలూ కొలవండి. చేతులు తగలనివ్వకండి, రేజు చేస్తే పదుల వోల్టులు వస్తాయి. ఎంత రావాలనేది మోడల్‌ని బట్టి మారుతుంది, మూడూ సమానంగా పెరుగుతున్నాయా లేదా అన్నదే అసలు ప్రశ్న. ఒక జతలో తక్కువ వస్తే కాయిల్‌లో తేడా. ఇంజను ఆపి ఒక్కో పసుపు వైరుకీ ఇంజను లోహానికీ మధ్య బీప్ చూడండి, మోగకూడదు. మోగితే కాయిల్ కాలింది. కాయిల్ ఈ రెండూ గెలిచి, వైర్లూ కప్లర్లూ బాగుండి, చార్జింగ్ మాత్రం రాకపోతే అప్పుడు ఆర్ఆర్ యూనిట్ కొనండి.

ఇంజను నడుస్తుండగా బ్యాటరీ వైరు పీకి "ఆగిపోతే డైనమో పోయినట్టు" అనే పాత పరీక్ష ఒకటుంది. బీఎస్-6 బళ్లలో, అంటే 2020 ఏప్రిల్ నుంచి వస్తున్న ఇంజెక్షన్ బళ్లలో, అలా పీకితే వోల్టేజీ ఎగిరి ఈసీయూ పోవచ్చు. ఆ సరదా వద్దు.

ఫ్యూజు మాటిమాటికీ పోతుంటే

రాగి పోగు చుట్టడం, సిగరెట్ పెట్టె కాగితం పెట్టడం అన్నీ చూశాను. ఫ్యూజు కాలాల్సిన చోట వైరింగ్ కిట్ కాలుతుంది. ఫ్యూజులు ఒక్కొక్కటే కాల్చుకుంటూ కూర్చోవడం కన్నా తేలిక మార్గం ఉంది. పోయిన ఫ్యూజు తీసేసి దాని రెండు కాళ్ల చోట టెస్ట్ ల్యాంపు రెండు క్లిప్పులూ తగిలించండి. దారిలో షార్ట్ ఉంటే 21 వాట్ల బల్బు నిండుగా వెలుగుతుంది. ఎంత షార్ట్ అయినా బల్బు రెండు ఆంపియర్లకి మించి పోనివ్వదు కాబట్టి ఏదీ కాలదు, తీరిగ్గా వెతుక్కోవచ్చు. ఇప్పుడు ఒక్కో కప్లర్ ఊడదీస్తూ, వైర్ల కట్టని కదుపుతూ, హ్యాండిల్ ఇటూ అటూ తిప్పుతూ రండి. ఏది ముట్టుకుంటే బల్బు ఠక్కున మందగించిందో దొంగ అక్కడే. కీ ఆన్ చేస్తే మామూలు లోడుకి కూడా బల్బు కొంచెం వెలుగుతుంది, దాన్ని చూసి మోసపోకండి. ఈ పద్ధతి నేర్చుకున్నాక హ్యాండిల్ మెడ దగ్గర నలిగిన వైరు పట్టడానికి నాకు పది నిమిషాలు పట్టట్లేదు.

రాత్రికి రాత్రి బ్యాటరీ దిగిపోతుంటే

కీ ఆఫ్ చేసి, మైనస్ వైరు విప్పి, ఆ వైరుకీ మైనస్ కొమ్ముకీ మధ్య మీటరు పెట్టాలి. మొదట 10 ఆంపియర్ల సాకెట్‌లో, అంకె చిన్నదని తేలాక మిల్లీ ఆంపియర్లలో. ఈ పరీక్షలో కీ ఆన్ చేసినా, సెల్ఫ్ నొక్కినా మీటరు ఫ్యూజో, మీటరో పోవచ్చు.

కొద్ది మిల్లీ ఆంపియర్లు గడియారానికీ ఈసీయూకీ మామూలే. 50 చూపిస్తే లెక్క వేయండి: 5 ఆంపియర్-అవర్ బ్యాటరీ 100 గంటల్లో, అంటే నాలుగు రోజుల్లో అడుగంటుతుంది. సెల్ఫ్ అయితే రెండు రోజులకే మొరాయిస్తుంది. ఇక ఫ్యూజులు, తర్వాత కప్లర్లు ఒక్కొక్కటే తీస్తూ అంకె ఎప్పుడు పడిపోయిందో చూడండి. ముందు బయటి నుంచి తగిలించినవి, ఆ వెంటనే ఆర్ఆర్ యూనిట్. లోపల కరెంటుని ఒక్క వైపే పోనిచ్చే డయోడ్ లీకైతే బండి ఆగి ఉన్నా అది కరెంటు తాగుతూనే ఉంటుంది.

స్పార్క్ రాకపోతే

ముందు కిల్ స్విచ్ చూడండి. నవ్వకండి. సఖినేటిపల్లి రేవులో పంటు దిగిన దగ్గర్నుంచి బండి తోసుకొచ్చినాయనకి నేను చేసిన రిపేరు ఆ ఎర్ర బటన్ జరపడమే. తర్వాత సైడ్ స్టాండ్. అదీ కాకపోతే తెలిసిన మంచి ప్లగ్గు క్యాపులో పెట్టి, దాని ఒంటిని ఇంజను లోహానికి గట్టిగా ఆనించి, పెట్రోలు వాసన లేని చోట కిక్కు కొట్టి చూడండి. ప్లగ్గు గాల్లో వదిలి కొట్టకండి, స్పార్క్‌ని నడిపించే సీడీఐ పెట్టెకి దెబ్బ. స్పార్క్ లేకపోతే క్యాపు, తర్వాత ఇగ్నిషన్ కాయిల్, స్పార్క్ ఎప్పుడు కొట్టాలో చెప్పే పల్సర్ కాయిల్, వాటి ఓములు మాన్యువల్‌తో పోల్చి చూడాలి. సీడీఐని కొలిచి తేల్చడం కష్టం. మిగతావన్నీ గెలిచాకే దాని వంతు, అదీ తెలిసినవాళ్ల బండిది తెచ్చి పెట్టి చూసి.

వరదలో మునిగిన బండి

గోదావరి లంకల్లోకి వచ్చినప్పుడు మునిగిన బండికి మొదటి పని కీ ముట్టుకోకపోవడం. తడి కప్లర్లలోంచి కరెంటు పారితే పిన్నులు గంటల్లో తినేసుకుపోతాయి. బ్యాటరీ మైనస్ ముందు, ప్లస్ తర్వాత విప్పి బయట పెట్టండి. ఉప్పునీళ్లయితే కప్లర్లు విప్పి మంచినీళ్లతో కడగాలి. నీళ్లు పోయడానికి భయపడతారు గానీ ఉప్పు ఉండిపోవడమే అసలు ప్రమాదం. తర్వాత గాలి కొట్టి, నీడలో రెండు రోజులు ఆరనిచ్చి, కాంటాక్ట్ క్లీనర్ కొట్టండి. ఇంజన్ ఆయిల్ పాలు కలిసినట్టు ఉంటే అది మార్చేదాకా కిక్కు కూడా కొట్టొద్దు. మొదటిసారి కరెంటు ఇచ్చేటప్పుడు మెయిన్ ఫ్యూజు చోట టెస్ట్ ల్యాంపు పెట్టే ఇవ్వండి.

బిగించే ముందు

తెగిన వైరుని మెలిపెట్టి టేపు వేయకండి. సోల్డర్ చేసి హీట్ ష్రింక్ గొట్టం తొడగండి. హ్యాండిల్ మెడ లాంటి వంగే చోట్ల సోల్డర్ పక్కనే మళ్లీ తెగుతుంది, అక్కడ ఆ వైరు ముక్కంతా మార్చి, అతుకు కదలని చోటికి జరపండి. తేడా చూపించిన కొలతనే మళ్లీ తీసి, పాత అంకె పక్కన కొత్త అంకె ఒక చీటీ మీద రాసి సీటు కింద అంటించండి. రాత్రంతా వదిలేసి పొద్దున్నే, కీ తిప్పకముందు బ్యాటరీ మరోసారి కొలవండి. రాత్రి 12.7 ఉన్నది పొద్దున 12.6 దగ్గర నిలబడిందంటే సీటు బిగించేసి బండి ఇచ్చేయొచ్చు.